వాయించే వేళ్లు మొరాయిస్తే వయసును మాత్రమే నిందించకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్య పేజీలో మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి గురించిన వ్యాసాలు తరచుగా వస్తుంటాయి గానీ, వాద్యం వాయించేవారి వేళ్లను గురించిన వ్యాసం నా కంటబడలేదు. ఉద్యోగ విరమణ తర్వాత సంగీతాన్ని మళ్లీ పట్టుకున్నవారు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. వారు కచేరీలు చేయరు. సాయంత్రం పూట ఇంట్లో ఒక వర్ణం, ఒకటి రెండు కృతులు వాయించుకుంటే వారికి చాలు. నేనూ అలాంటి వేణు అభ్యాసకుణ్ణే.

వేణువు మీద తొలి పాఠాలైన సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో వాయించేటప్పుడు, గాంధారానికి (గ) రంధ్రాలన్నీ తెరిచి ఉంటాయి; ఆ వెంటనే మధ్యమానికి (మ) ఆరు రంధ్రాలు ఒక్కసారిగా మూయాలి. ఒక్క వేలు రవ్వంత ఆలస్యంగా దిగినా, కొద్దిగా పక్కకు ఒరిగినా గాలి జారిపోయి స్వరం కీచుమంటుంది. మొదటి కాలంలో, అంటే నిదానపు వేగంలో, నిలిచిన ఈ 'గమ' నాకు దానికి రెట్టింపు వేగమైన రెండో కాలంలో తప్పిపోవడం మొదలైంది. కుడిచేతి ఉంగరపు వేలు రంధ్రం మీద పూర్తిగా పరుచుకోవడం మానేసింది. నొప్పి మాత్రం లేదు.

చూపించుకోవడానికి వెళితే వైద్యులు ఒకరు, 'ఈ వయసులో ఇంకా ఫ్లూటెందుకండీ' అన్నారు. మా తోటి అభ్యాసకులకు గురువుల దగ్గర వినబడే మాట 'సాధన చాలలేదు' అని. ఈ రెండు మాటలూ చేతిని పట్టుకుని చూడకుండానే చెప్పేవి కావడం నాకు బాధ కలిగిస్తోంది. తర్వాత చూసిన మరో వైద్యురాలు నన్ను నమస్కారం పెట్టమన్నారు. అరచేతులు గట్టిగా ఆనించినా వేళ్ల మధ్య సందు మిగిలిపోయింది. చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉన్నవారిలో చర్మంలోనూ కీళ్ల చుట్టూనూ ఉండే కణజాలం మందమై బిగుసుకుపోతుందని, అప్పుడు వేళ్లు పూర్తిగా చాచుకోలేవని ఆమె వివరించారు. దీనికి చక్కెరను అదుపులో ఉంచుకోవడం, వేళ్లను మెల్లగా సాగదీసే వ్యాయామం ముఖ్యం. పోయిన చురుకుదనం అంతా తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, ఉన్నది నిలుపుకునే మార్గం ఉంది.

కారణం అందరికీ ఒకటే కాదు. వేలు మడిచాక 'టక్'మని పట్టేసే ట్రిగ్గర్ ఫింగర్ వేరు. అదీ చక్కెర ఉన్నవారిలోనే ఎక్కువ. మణికట్టు దగ్గర నరం నొక్కుకుని బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కడం వేరు. మోచేతిని చాలాసేపు మడిచి ఉంచినప్పుడు చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారడం ఇంకొకటి. వీటన్నిటికీ చికిత్సలు ఉన్నాయి. అన్నిటికన్నా జాగ్రత్తగా గుర్తించవలసింది ఫోకల్ డిస్టోనియా. ఇందులో సాధారణంగా నొప్పి ఉండదు. అన్నం కలపడానికి, రాయడానికి బాగానే ఉన్న వేళ్లు వాద్యం పట్టగానే వాటంతట అవే ముడుచుకుంటాయి. లోపం మెదడు వేళ్లను నడిపించే తీరులో ఉంటుంది కాబట్టి, పంతం పట్టి అదే పలుకును వందసార్లు వాయిస్తే పరిస్థితి మరింత దిగజారవచ్చు. అమెరికాలోని షికాగో సింఫనీ వాద్యబృందంలో ఓబో అనే ఊదే వాద్యానికి ప్రధాన వాద్యకారుడైన అలెక్స్ క్లైన్ అంతటివారు ఈ సమస్య వల్లనే 2004లో ఆ స్థానాన్ని వదులుకున్నారు. అలాంటి వ్యక్తికి సాధన చాలలేదని ఎవరనగలరు?

సంగీతం నేర్పే పెద్దలకు నాదొక విన్నపం. వయసు మళ్లిన శిష్యుడు తడబడితే కాలం పెంచమనే ముందు ఒకసారి చేతిని చూడండి. బొటనవేలితో వేణువును బిగించి పట్టుకుంటే మిగతా వేళ్లూ బిగుసుకుంటాయి. తక్కువ శ్రుతి పొడుగు వేణువులో రంధ్రాలు దూరదూరంగా ఉంటాయి గనుక, అయిదు, అయిదున్నర శ్రుతి పొట్టి వేణువుకు మారితే చాలామందికి వేళ్లు అందుతాయి. నేను అలాగే మారాను. మూడో కాలం వదిలేసినా రెండో కాలంలో 'గమ' ఇప్పుడు శుభ్రంగా పలుకుతోంది.

చేతి వైద్య నిపుణులు ఒకరిని, సంగీత కళాశాల అధ్యాపకులు ఒకరిని కలిపి కూర్చోబెట్టి మీ ఆరోగ్య పేజీలో ఒక పూర్తి వ్యాసం వేయించవలసిందిగా కోరుతున్నాను. అందులో ఏ లక్షణానికి ఏ వైద్యుణ్ణి కలవాలో, ఏ స్థితిలో సాధన ఆపాలో స్పష్టంగా రాయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల ఫిజియోథెరపీ విభాగాలు కూడా వాద్యాన్ని వెంట తెచ్చుకోమని చెప్పి, వాయిస్తుండగా చేతులను పరీక్షించే పద్ధతి పెడితే మాలాంటివారికి ఎంతో మేలు జరుగుతుంది.

ఇట్లు,
ఒక వేణు అభ్యాసకుడు,
రాజమహేంద్రవరం