ఆపరేషన్ చీటీ మీదే రేడియేషన్ తేదీ వేయించండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి ఒక వడ్రంగి కూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

మా నాయన 35 ఏళ్లు రంపప్పొట్టులోనే బతికాడు. చెక్క పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు, సైనస్ క్యాన్సర్ రావచ్చని ఆయనకు జబ్బు వచ్చాకే మాకు తెలిసింది. కుడి ముక్కు ఒక్కటే బిగిసేది, తువ్వాలుకు నెత్తురు మరకలయ్యేవి. సైనస్ అని మాత్రలిచ్చారు. పైపన్ను కదిలితే పీకించాం. ఆ గుంత నెలైనా మానలేదు. అప్పుడు ముక్క తీసి పరీక్ష చేస్తే బయటపడింది.

ఆపరేషన్‌లో కుడి పైదవడ ఎముక, అంగిలి కొంత తీసేశారు. ఆ ఖాళీకి పళ్లసెట్టు లాంటి ప్లేటు పెట్టారు. అది లేకుండా నీళ్లు తాగితే ముక్కులోంచి కారిపోతాయి. దానికీ నాయన అలవాటు పడ్డాడు. ఆపరేషన్ చేసిన డాక్టర్లకు చేతులెత్తి మొక్కుతాను.

నా బాధంతా ఆ తర్వాతది. కంటికి కనిపించని క్యాన్సర్ కణాలు మిగిలి ఉండొచ్చు కాబట్టి, గాయం మానగానే, వీలైనంత వరకు 6 వారాల్లోపు రేడియేషన్ మొదలుపెట్టాలంటారు. మాకు 10వ వారంలో మొదలైంది. డిశ్చార్జ్ రోజు ‘రేడియేషన్ వాళ్లను కలవండి’ అన్నారు. ఎప్పుడో, ఎవరినో చీటీలో లేదు. తీరా వెళ్తే ముందు పళ్లు చూపించుకుని రమ్మన్నారు. రేడియేషన్ పడిన దవడలో తర్వాత పన్ను పీకితే గాయం సరిగా మానదట. నిజమే, కానీ ఆపరేషన్‌కు ముందే చూసి ఉంటే ఆ మత్తులోనే పుచ్చుపళ్లు తీసేసేవాళ్లు కదా! ఆ తర్వాత స్కాన్, ప్రభుత్వ ఆరోగ్య పథకం అప్రూవల్, మెషిన్ దగ్గర వరుస. ఒకటి అయ్యాకే ఇంకొకటి.

వారానికి 5 రోజుల చొప్పున 30 సిట్టింగులు. కంటి నరం, మెదడు పక్కనే ఉంటాయి కాబట్టి తల కదలకుండా ముఖానికి అచ్చుపోసిన వల లాంటి మాస్కును బల్లకు బిగిస్తారు. లేచాక నాయన బుగ్గల మీద ఆ వల గీతలు చాలాసేపు ఉండేవి. కొద్ది నిమిషాల పని, దానికి 6 వారాలు ఊరు వదలాలి. నోరంతా పుండై రాగిజావ కూడా దిగని మనిషిని రోజూ బస్సులో తిప్పలేక గది తీసుకున్నాం. అద్దెకు అమ్మ కమ్మలు తాకట్టుకు పోయాయి.

మూడు పనులు అడుగుతున్నాను. డిశ్చార్జ్ చీటీ మీదే రేడియేషన్ తేదీ, ఆసుపత్రి, కలవాల్సిన మనిషి ఫోన్ నంబరు ఉండాలి. పళ్ల పరీక్ష, అప్రూవల్ ఆపరేషన్ ముందే మొదలవ్వాలి. కర్నూలులో ప్రభుత్వ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, సంతోషం. అనంతపురం, కడప వైపు నుంచి వెళ్లే రోగికీ తోడున్నవాళ్లకీ సిట్టింగులు అయిపోయేదాకా అక్కడే ఉచితంగా ఉండే చోటు చూపించండి.

పోయిన నెల స్కాన్‌లో నాయనకు జబ్బు మళ్లీ కనిపించింది. ఆలస్యమే కారణమని నేను అనలేను, డాక్టర్లూ అనలేదు. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు ఆ నాలుగు వారాలే లెక్కపెట్టుకుంటున్నాను సార్.

ఇట్లు,
తాడిపత్రి నుంచి ఒక వడ్రంగి కూతురు