చేతి ఆర్కేడ్‌కూ మరమ్మతు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

షాపుల్లో బిళ్ల వేసి ఆడుకునే పాత ఆర్కేడ్ వీడియో గేమ్ యంత్రాలు అరచేతిలో ఇమిడే పరికరాలుగా మళ్లీ అమ్మకానికి వస్తున్న తీరుపై, ఆ ఆటల మధ్యే పెరిగిన తిరుపతి వాసిగా నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

జపాన్‌కు చెందిన ఎస్‌ఎన్‌కే సంస్థ 1990లో తెచ్చిన నియో జియో అనే గేమ్ యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. అంతకుముందు చాలా యంత్రాల్లో ఆట మార్చాలంటే లోపలి బోర్డునే మార్చవలసి వచ్చేది. నియో జియోలో బోర్డు అలాగే ఉండి, ఆట ఉన్న క్యాసెట్ ఒక్కటే మారేది. కొన్ని పెట్టెల్లో ఒకేసారి ఆరు క్యాసెట్లు పట్టేవి. చిన్న షాపు నడిపేవారికి ఇది ఎంత కలిసివచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో పెట్టుకునే రూపంలో దాని పూర్తి సెట్టు అమెరికాలోనే దాదాపు 650 డాలర్లు పలికింది కనుక, మాబోటి పిల్లలకు అది రూపాయి బిళ్లతో షాపులోనే అందింది.

మా షాపు గోవిందరాజస్వామి గుడికి దగ్గరలోని ఒక సందులో ఉండేది. 1996లో వచ్చిన మెటల్ స్లగ్ అనే నియో జియో ఆట అక్కడ ఆడేవాళ్లం. స్టిక్ ఏ వైపు తిప్పినా అడుగునున్న చిన్న స్విచ్చు టక్కుమనేది. ఆ చప్పుడు చేతికి కూడా తెలిసేది. ఒకసారి కుడివైపు స్విచ్చు అరిగిపోయి, ఎంత నొక్కినా సైనికుడు ముందుకు కదల్లేదు. షాపాయన తాళం తీసి, స్టిక్ విప్పి, కొత్త స్విచ్చు బిగించి, మేము చుట్టూ నిలబడి చూస్తుండగానే పది నిమిషాల్లో పెట్టె మూసేశారు. ఆ యంత్రం అన్నేళ్లు నడిచిందంటే అలా విప్పి బాగుచేసుకునే వీలుండబట్టే.

ఇప్పుడు తిరిగి వస్తున్న పరికరాల్లో నాకు కనిపించని గుణం అదే. వేరే లోపాలూ ఉన్నాయి. 2012 డిసెంబరులో నియో జియో ఎక్స్ అనే చేతి పరికరం ఎస్‌ఎన్‌కే వారస సంస్థ అనుమతితో, 20 ఆటలతో వచ్చింది. తెర 4.3 అంగుళాలు, వెడల్పాటిది. పాత ఆటల బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి వేరు కనుక, అలాంటి తెర నిండా చూపితే బొమ్మ సాగిపోతుంది, సాగకుండా చూపితే రెండు పక్కలా నల్లటి ఖాళీ మిగులుతుంది. ఏడాది తిరగకముందే, 2013 అక్టోబరులో, ఆ అనుమతి రద్దయింది. 2018లో ఎస్‌ఎన్‌కే స్వయంగా తెచ్చిన నియో జియో మినీలో 40 ఆటలున్నాయి, రూపం అచ్చంగా చిన్న ఆర్కేడ్ పెట్టెలా ముచ్చటగా ఉంటుంది. కానీ లోపల బ్యాటరీ లేదు కనుక చేత పట్టుకుని ఎక్కడికైనా తీసుకువెళ్లి ఆడుకునే వస్తువు కాదు.

వీటికంటే మన బజారులో ఎక్కువగా కనిపించేవి పేరూ ఊరూ లేని నకళ్లు. కిందటి వేసవిలో మా అక్క కొడుక్కి అలాంటిదొకటి కొన్నాను. వందల ఆటలున్నాయని అట్టపెట్టె మీద ఉంది. తెరిచి చూస్తే ఒకే ఆట నాలుగైదు పేర్లతో వస్తోంది. రెండో నెలకే బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. కొన్న షాపుకు తీసుకువెళితే దీనికి సర్వీసు ఉండదు, కొత్తది తీసుకోండి అన్నారు. పిల్లవాడి ముఖం చూసి నాకు నిజంగా బాధ కలిగింది. డబ్బు పోయినందుకు కాదు, నేను ఎంతో ఇష్టంగా చెప్పిన ఆటను వాడు ఆ పాడు వస్తువులో చూసినందుకు.

ఇలాంటి పరికరాల గురించి మీ పత్రిక రాసేటప్పుడు, ఎన్ని ఆటలున్నాయన్న లెక్కతో ఆగకుండా, ఆటల హక్కుదారుల అనుమతి ఉందా, బ్యాటరీని, బటన్లను మార్చుకునే వీలుందా, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి అన్నవి కూడా పాఠకులకు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మరొక్క విన్నపం. మా పాత షాపాయన దగ్గర అప్పటి పెట్టె ఒకటి ఇప్పటికీ గోనెపట్టా కప్పి ఉంది. తిరుపతిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం వారు చోటు చూపిస్తే ఇచ్చేస్తానని ఆయన నాతో అన్నారు. స్విచ్చులు మార్చి నడిచేలా చేసే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భవానీ నగర్, తిరుపతి.