ఆక్సిజన్ బిల్లు మీద ఎనిమిది అంకెలూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు కల్లూరు ఎస్టేట్‌లో ఒక గ్యాస్ డీలర్ దగ్గర బిల్లులు రాసే ఉద్యోగం నాది. ఆక్సిజన్ మీద జీఎస్టీ 5 శాతానికి దిగిందని వార్తలు వచ్చినప్పటి నుంచి వెల్డింగ్ షాపుల వాళ్లకు, ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే వాళ్లకు చెప్పీ చెప్పీ అలసిపోతున్నాను. "ఏందక్కా, పేపర్లోనే పడింది కదా, మాకెందుకు తగ్గియ్యరు?" అంటారు. వాళ్లను తప్పుపట్టలేను. తగ్గింది వైద్య ఆక్సిజన్ మీద మాత్రమే అన్న సంగతి చాలా చోట్ల వార్త అడుగున ఎక్కడో ఉంది, కొన్నిచోట్ల అసలు లేనే లేదు.

లెక్క ఇదీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వైద్య ఆక్సిజన్ మీద పన్ను 12 శాతం నుంచి 5కి తగ్గింది. ఇనుము కోసే ఆక్సిజన్ మీద 18 అలాగే ఉంది. వెయ్యి రూపాయల గ్యాసుకు ఆసుపత్రి 50 రూపాయలు కడితే, వెల్డింగ్ షాపు 180 కట్టాలి. ఇంతకుముందు ఈ తేడా అరవై రూపాయలే, ఇప్పుడు నూట ముప్పై. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ తేడా పెరగడమే. తేడా పెరిగేకొద్దీ బిల్లు మీద కోడ్, అంటే అది ఏ సరుకో చెప్పే ఎనిమిది అంకెల నంబరు, సరిగ్గా ఉండటం ముఖ్యమవుతుంది. మన నిబంధనలేమో ఆ కోడ్‌ను సగంలో ఆపేయడానికి వీలిస్తున్నాయి.

మా యార్డులో రెండు రకాల ఆక్సిజనూ నల్ల సిలిండర్లలోనే ఉంటుంది. వైద్యానికి వాడేదానికి భుజం దగ్గర తెల్లరంగు ఉంటుంది. కోడ్‌ల విషయానికొస్తే, కస్టమ్స్ టారిఫ్ చట్టం (1975) మొదటి షెడ్యూలులో 28వ అధ్యాయం, 2804 నంబరు. హైడ్రోజన్, ఆర్గాన్ లాంటి జడవాయువులు, నైట్రోజన్, ఆక్సిజన్, బోరాన్, సిలికాన్, భాస్వరం, ఆర్సెనిక్, సెలీనియం అన్నీ అక్కడే. జీఎస్టీ కూడా ఆ నంబర్లనే వాడుకుంటుంది. వెల్డింగ్‌కు వాడే ఎసిటిలీన్ మూలకం కాదు, హైడ్రోకార్బన్ (కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థం), కాబట్టి 2901కి పోతుంది. సోడా వాళ్లు పట్టుకెళ్లే కార్బన్ డయాక్సైడ్ 2811లోకి, కంప్రెస్ చేసిన గాలి 2853లోకి వెళ్తాయి. ఒకే ఆటోలో ఒకే కస్టమరుకు నాలుగు సిలిండర్లు ఎక్కిస్తే మూడు నాలుగు కోడ్‌లు వేయాల్సి వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే తడబడతారు.

నైట్రోజన్, ఆర్గాన్, ఆక్సిజన్ మూడూ గాలిలోంచి వచ్చేవే. గాలిని బాగా చల్లబరిచి ద్రవంగా మార్చి, మరిగే ఉష్ణోగ్రతల తేడాతో విడదీస్తారు. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఆర్గాన్ మైనస్ 186, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర మరుగుతాయి. ఆసుపత్రికి పోయేదీ, గ్యాస్ కటింగ్‌కు పోయేదీ ఒకే ప్లాంటులో తయారు కావచ్చు. కానీ వైద్య ఆక్సిజన్ చట్టం దృష్టిలో మందు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్స్ ఉండాలి, పరీక్షించిన బ్యాచ్ వివరాలు ఉండాలి. ఆ జాగ్రత్తకే వేరే కోడ్, వేరే పన్ను.

ఆ వేరే కోడ్ ఎక్కడుందో చూడండి. మొదటి ఆరు అంకెలు ప్రపంచ కస్టమ్స్ సంస్థ పద్ధతి ప్రకారం అన్ని దేశాలకూ ఒకటే. 2804 40 అంటే ఎక్కడైనా ఆక్సిజనే. చివరి రెండు మన దేశం చేర్చుకున్నవి. 2804 40 10 వైద్య ఆక్సిజన్, 2804 40 90 మిగతాది. అంటే రోగి ముక్కుకు పెట్టే గ్యాసుకూ, ఇనుము కోసే గ్యాసుకూ తేడా తెలిసేది ఆ చివరి రెండు అంకెల్లోనే.

ఇక నిబంధన. ఏడాదికి అమ్మకాలు 5 కోట్లు దాటిన వ్యాపారి బిల్లు మీద ఆరంకెలు వేస్తే చాలు. అంతకు తక్కువైతే నాలుగే చాలు. కొన్నవాళ్లకు జీఎస్టీ నంబరు లేకపోతే చిన్న వ్యాపారి అసలు కోడే వేయనక్కర్లేదు. ఆరంకెలు వేసినా, నాలుగు వేసినా రెండు ఆక్సిజన్లూ ఒకటిగానే కనిపిస్తాయి. ఊపిరితిత్తుల జబ్బుతో ఇంట్లోనే సిలిండర్ పెట్టుకున్న పెద్దాయన కొడుక్కి జీఎస్టీ నంబరు ఎక్కడిది? చాలా నర్సింగ్ హోములకూ ఉండదు, ఎందుకంటే వైద్యసేవ మీద జీఎస్టీ లేదు. అందుకే ఆక్సిజన్ మీద కట్టిన పన్నును వాళ్లు తిరిగి రాబట్టుకోలేరు, అది రోగి బిల్లులోకే వస్తుంది. ఎవరి కోసం పన్ను తగ్గించారో వాళ్ల చేతికి వచ్చే కాగితం మీదే కోడ్ ఉండనక్కర్లేదని నిబంధన చెప్పడం నాకు చాలా బాధగా ఉంది.

శుద్ధినిబట్టి కోడ్ మారడం కొత్తేమీ కాదు. సిలికాన్‌నే తీసుకోండి. బరువులో 99.99 శాతం, అంతకు మించి సిలికాన్ ఉంటే 2804 61, తక్కువైతే 2804 69. ఆ తేడా ఆరంకెల్లోనే తెలిసిపోతుంది. అదే సిలికాన్ డోపింగ్ చేసిన (కరెంటు పనులకు వేరే మూలకం కొద్దిగా కలిపిన) బిళ్లలైతే 3818లోకి, సోలార్ ప్యానెలైతే 8541లోకి వెళ్తుంది. మన గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో వరసగా నిలబెట్టిన ప్యానెళ్లు ఆ 8541 సరుకే. గంధకం సంగతీ ఇంతే. ముడి గంధకం 2503, సబ్లిమేషన్ చేసినదీ (ఆవిరిగా మార్చి మళ్లీ పొడిగా పట్టినది), కొలాయిడల్ రకమూ (అతి సన్నని కణాలది) 2802, మిరప తోటలో బూడిద తెగులుకు కొట్టే ప్యాకెట్ మందైతే 3808. వీటిల్లో ఏదైనా నాలుగంకెలో, ఆరంకెలో చూస్తే తేలిపోతుంది. ఆక్సిజన్‌కు మాత్రం ఎనిమిదీ ఉంటేనే తేలుతుంది. అన్ని సరుకులకూ ఎనిమిది అంకెలు పెట్టి చిన్న దుకాణాలను సతాయించమని నేననడం లేదు. ఈ ఒక్కదానికి పెట్టండి. కొన్నవాళ్లకు జీఎస్టీ నంబరు ఉన్నా లేకపోయినా పెట్టండి.

2021లో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. ఏప్రిల్ 24న కేంద్రం ఆక్సిజన్ మీద దిగుమతి సుంకాన్ని మూడు నెలలు ఎత్తేసింది. జూన్‌లో వైద్య ఆక్సిజన్ మీద జీఎస్టీని 12 నుంచి 5కు తగ్గించి, సెప్టెంబర్ 30 దాకా అని గడువు పెట్టింది. గడువు తీరాక మళ్లీ 12 అయింది. అప్పుడు సిలిండర్ దొరికితే చాలనుకున్నాం, బిల్లు మీద ఏముందని ఎవరు చూశారు? ఇప్పుడు తగ్గినదానికి గడువు లేదు. కాబట్టి పద్ధతి కూడా నిలకడగా ఉండాలి.

రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ 28వ అధ్యాయంలో మా వ్యాపారానికి కావలసిన నాలుగైదు పేజీలనైనా తెలుగులో అచ్చువేసి, కర్నూలు, అనంతపురం, కడప కార్యాలయాల్లో పెట్టాలి. అందులో ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన వెల్డింగ్ గ్యాసు గురించి కూడా స్పష్టంగా రాయాలి. విడి మూలకాలకు, విడి సమ్మేళనాలకే ఈ అధ్యాయమని దాని మొదటి నోటు అంటుంటే, మా దగ్గరికి వచ్చే బిల్లుల్లో ఆ మిశ్రమానికి ఒక్కొక్కరు ఒక్కో కోడ్ వేస్తున్నారు.

ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్న కుటుంబాలకు ఒక మాట. బిల్లు తప్పకుండా తీసుకోండి. గ్యాసు ధర, సిలిండర్ అద్దె, డిపాజిట్ వేర్వేరుగా రాయమనండి. గ్యాసు ఎదురుగా 'వైద్య ఆక్సిజన్, 2804 40 10, 5 శాతం' అని ఉందో లేదో చూడండి. 18 అని ఉంటే రెండు సంగతులు అడగాలి. పన్ను పొరపాటున ఎక్కువ వేశారా, లేక మీకిచ్చింది వైద్య ఆక్సిజన్ కాదా? మొదటిదైతే క్రెడిట్ నోట్ (ఎక్కువ వేసిన పన్నును తగ్గిస్తూ డీలర్ రాసిచ్చే కాగితం) రాయించుకోండి. రెండోదైతే ఆ సిలిండర్ తిప్పి పంపి, జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయండి.

— ఒక గ్యాస్ డీలర్ దగ్గర అకౌంటెంట్,
కల్లూరు ఎస్టేట్, కర్నూలు