2024–25 వార్షిక నివేదిక: తోకచుక్కల పుట్టిల్లు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న మన ఖగోళ పరిశీలన సంఘం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చేపట్టిన కార్యక్రమాల నివేదికను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. ఈ ఏడాది మన శ్రమలో అధిక భాగం ఒక్క ప్రశ్న మీదే గడిచింది: తోకచుక్కలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆ ప్రశ్నను మన ముందుకు తెచ్చింది సుచిన్‌షాన్–అట్లాస్ తోకచుక్క. 2023 ఆరంభంలో చైనాలోని పర్పుల్ మౌంటెన్ వేధశాల, ఆ తరువాత భూమికి దగ్గరగా వచ్చే గ్రహశకలాల కోసం ఆకాశాన్ని గాలించే అట్లాస్ సర్వే విడివిడిగా గుర్తించిన ఈ తోకచుక్క 2024 సెప్టెంబరు 27న సూర్యుడికి దాదాపు 5.9 కోట్ల కిలోమీటర్ల దూరానికి, అక్టోబరు 12న భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. సెప్టెంబరు చివరి వారంలో తెల్లవారుజామున తూర్పు దిక్కున, అక్టోబరు మధ్యలో సాయంత్రం పడమటి దిక్కున చూసేందుకు సభ్యులను నగరపు వెలుగులకు దూరంగా తీసుకువెళ్లాం. మబ్బుల వల్ల చాలా సాయంత్రాలు వృథా అయినా, తెరిపి దొరికిన రోజున బైనాక్యులర్‌లో ఆ తోకను చూసి, 1986లో హేలీ తోకచుక్కను చూసిన పెద్దలు సైతం పిల్లలతో పోటీ పడి వరుసలో నిలబడ్డారు.

పరిశీలన తరువాత జరిపిన అధ్యయన సమావేశాల్లో ఎక్కువ కాలం ఊర్ట్ మేఘానికే కేటాయించాం. డచ్ శాస్త్రవేత్త యాన్ ఊర్ట్ 1950లో, కక్ష్యలు బాగా తెలిసిన 19 తోకచుక్కల దారులను వెనక్కి లెక్కగట్టి, అవి సూర్యుడికి లక్షల కోట్ల కిలోమీటర్ల దూరాల నుంచి, ఏ ఒక్క దిక్కుకూ పరిమితం కాకుండా వస్తున్నాయని చూపి, సూర్యకుటుంబాన్ని చుట్టి గోళాకారంలో ఒక మంచు ముద్దల నిల్వ ఉండాలని ప్రతిపాదించారు. నేటి అవగాహన ప్రకారం అవి అక్కడ పుట్టినవి కావు. పెద్ద గ్రహాల నడుమ రూపుదిద్దుకొని, ఆ గ్రహాల ఆకర్షణ వల్ల బయటికి విసిరివేయబడినవి. దారిన పోయే నక్షత్రాల ప్రభావం వల్లనో, పాలపుంత ఆకర్షణ వల్లనో వాటిలో కొన్ని మళ్లీ లోపలికి జారుతాయి. పుట్టింటికి తిరిగి వచ్చే ఆ ప్రయాణాన్నే మనం తోకచుక్కగా చూస్తున్నాం.

ఈ దూరాలను బడి పిల్లలకు చెప్పడానికి మన సభ్యులు ఎంచుకున్న పద్ధతి ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని ఒక మీటరు అనుకుంటే నెప్ట్యూన్ 30 మీటర్ల దూరంలోను, దాని ఆవల మంచు వస్తువుల వలయంగా ఉన్న కైపర్ పట్టీ సుమారు 50 మీటర్ల వరకు, అంటే ఆటస్థలం అంచు లోపలే ఉంటాయి. ఊర్ట్ మేఘపు వెలుపలి అంచు మాత్రం లక్ష మీటర్ల దూరంలో, హైదరాబాద్ బడిలో సూర్యుణ్ణి నిలిపితే ఇంచుమించు మహబూబ్‌నగర్ దగ్గర ఉంటుంది. ఎవరూ చూడనిది ఉందని ఎలా చెబుతారని ఒక విద్యార్థిని అడిగింది. ఆ మేఘంలో ఉండగా ఏ వస్తువునూ ఇంతవరకు ఎవరూ నేరుగా చూడలేదని, వచ్చిన తోకచుక్కల దారులే దానికి సాక్ష్యమని ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఇకపైనా ఇలాగే చెప్పాలని కార్యవర్గం అభిప్రాయం.

200 ఏళ్లలోపు తిరిగివచ్చే తోకచుక్కల్లో చాలావాటి మూలం నెప్ట్యూన్ ఆవలి ప్రాంతం. 1992లో డేవిడ్ జెవిట్, జేన్ లూ హవాయిలోని మౌనా కియా నుంచి అక్కడ తొలి చిన్న వస్తువును కనుగొనడంతో ఆ ఊహకు ఆధారం దొరికింది. మన కరపత్రం తొలి ముద్రణలో ఈ వర్గంలో హేలీని కూడా చేర్చడం పొరపాటు. దాని ఆవర్తన కాలం సుమారు 76 ఏళ్లే అయినా, అది గ్రహాలకు ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి ఊర్ట్ మేఘం నుంచే వచ్చి ఉంటుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల భావన. మలి ముద్రణలో సవరించాం. కుజ, గురు గ్రహాల మధ్య గల గ్రహశకలాల పట్టీలోనూ కొన్ని తోకచుక్కలు ఉన్నాయని, వాటిలో ఒకటైన రీడ్ చుట్టూ నీటి ఆవిరిని అంతరిక్షంలోని జేమ్స్ వెబ్ టెలిస్కోపు గుర్తించినట్లు 2023లో వెల్లడైందని కూడా చేర్చాం.

నిజామియా వేధశాల ఉద్యోగి కుమారుడిగా హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు 1949లో బార్ట్ బాక్, గోర్డన్ న్యూకర్క్‌లతో కలిసి ఒక తోకచుక్కను కనుగొన్న వైనం మీద ప్రసంగం ఏర్పాటు చేశాం. ఊర్ట్ ప్రతిపాదన వచ్చిన దానికి ముందు సంవత్సరపు మాట అది. మన ఊరి వాడన్న అభిమానంతో సభ్యులు ఆ రోజు ఆలస్యంగా ఇళ్లకు వెళ్లారు.

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

ఈ నివేదిక సిద్ధమవుతుండగానే, 2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు మరో అతిథిని పట్టుకుంది. 3ఐ/అట్లాస్ అనే ఈ తోకచుక్క మన ఊర్ట్ మేఘానిది కాదు. 2017, 2019 సంవత్సరాల్లో కనిపించిన రెండింటి తరువాత, వేరే నక్షత్ర కుటుంబం నుంచి వచ్చినట్లు గుర్తించిన మూడవ వస్తువు. అక్టోబరు చివర సూర్యుడికి దగ్గరగా వెళ్లి, నవంబరులో తెల్లవారుజామున తిరిగి కనిపిస్తుంది. కంటికి ఆనదు కనుక, పెద్ద టెలిస్కోపులు గల సభ్యులు పరిశీలన బృందంలో చేరేందుకు తమ పేర్లను దసరాలోగా కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.