ఒకటో తారీఖున మీరు తట్టే తలుపు వెనక: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరులో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లే ఒక చర్చి సేవా బృందంలో సభ్యురాలిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. డబ్బు అడగడం లేదు. స్థలమూ అడగడం లేదు. మా దగ్గర లేనివి, ప్రభుత్వం దగ్గర మాత్రమే ఉన్నవి కొన్ని ఉన్నాయి. అవి అందకపోతే మేం ఎంత పెరిగినా మా పని సగంలోనే ఆగిపోతుంది.

మా పని పిడికెడు బియ్యంతో మొదలైంది. మా సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేవారు. ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు ఆ డబ్బా తెచ్చేవారు. ఆ బియ్యాన్ని ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు పంచేవాళ్లం. వాళ్ల ఇళ్లలోకి వెళ్లాక చూస్తే కొందరికి లేచి వండుకునే ఓపిక లేదు. అప్పుడు క్యారియర్లలో అన్నం మొదలైంది. అన్నం తీసుకెళ్తే ఇంకొందరు మింగలేకపోతున్నారు, వీపు మీద పుండ్లతో ఒత్తిగిలలేకపోతున్నారు. రిటైరైన ఒక నర్సమ్మ గారు మాతో పాటు రావడం మొదలుపెట్టాక డ్రెస్సింగులు, యూరిన్ పైపులు మార్చడం, వాటర్ బెడ్లు అప్పుగా ఇవ్వడం అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇప్పుడు మాకు జీతం తీసుకునే నర్సులున్నారు, సొంత ఆటో ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. ఏటా ఆడిట్ చేయిస్తాం, దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జి రసీదు ఇస్తాం. ఇంత పెరుగుతామని మేమెవరమూ అనుకోలేదు. ఇదంతా దేవుని కృప అని నమ్ముతాం.

గుంటూరుకు ఇలాంటి పని కొత్త కాదు. ఫాదర్ హేయర్ అనే లూథరన్ మిషనరీ 1842లో ఈ ఊరు వచ్చారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల కోసం వైద్యం మొదలుపెట్టారు. ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రి మన ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగడానికి అక్కడ సత్రం కట్టించింది ఏలూరు జమీందారు. ఆయన హిందువు. 1920లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ, జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సభలో సిస్టర్‌గా ఉంటూనే వైద్యం చేశారు, ఇక్కడి ఆడపిల్లలకు నర్సు పని, మంత్రసాని పని నేర్పారు. దేశంలోని కేథలిక్ ఆసుపత్రులను ఒక్కతాటి మీదికి తెచ్చిన సంస్థను 1943లో మొదలుపెట్టిందీ ఆవిడే. వాళ్లతో పోల్చుకునే అర్హత మాకు లేదు. కానీ వాళ్ల రోజుల్లో ప్రభుత్వానికి ప్రతి ఇంటికీ వెళ్లే మనిషి లేడు. ఇప్పుడు ఉన్నాడు. అసలు విషయానికి ఇక్కడ వస్తున్నాను.

2024 జులై 1 నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలు చేశారు. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15 వేలు చేశారు. సచివాలయం ఉద్యోగి ఇంటికే వచ్చి ఇస్తున్నారు. చాలా మంచి పని. ఆ డబ్బుతోనే డైపర్లు కొంటున్న ఇళ్లు నాకు తెలుసు. అయితే ఒక్కసారి ఆలోచించండి. మంచం మీద కదలలేని మనిషి దగ్గరికి ప్రతి నెలా ప్రభుత్వం వెళ్తోంది, వేలిముద్ర తీసుకుంటోంది, డబ్బు చేతిలో పెడుతోంది, వచ్చేస్తోంది. ఆ మనిషి వీపు మీద పుండు ఉందా, రాత్రి నొప్పితో నిద్ర పడుతోందా అని అడగమని ఆ ఉద్యోగికి ఎవరూ చెప్పలేదు. అది ఆయన తప్పు కాదు, ఆయన పనుల్లో అది లేదు.

మాకేమో ఆ ఇళ్లు తెలియవు. మా సంఘంలోని వాళ్లకు తెలిసినవాళ్లు, వాళ్ల పక్కింటివాళ్లు, ఆసుపత్రిలో పరిచయమైనవాళ్లు, ఇలా నోటిమాట మీదే మాకు ఇళ్లు తెలుస్తాయి. చర్చి ఉన్న వీధుల్లో మా పని బాగా సాగుతుంది. మమ్మల్ని ఎరిగినవాళ్లు లేని వీధిలో మంచాన పడ్డ మనిషికి మేం ఉన్నామనే తెలియదు. గుడి తరఫున, మసీదు తరఫున సేవ చేసే మిత్రులదీ ఇదే బాధ. భక్తితో పెరిగే సేవ పరిచయాల వెంట పెరుగుతుంది. అందరి తలుపూ తట్టగలిగేది మీరొక్కరే.

ఒక ఇంటి సంగతి చెప్తాను. కోడలు కోల్డ్ స్టోరేజీలో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. సాయంత్రానికి ఆమె చేతులు భగ్గున మండిపోతుంటాయి. ఆ చేతులతో అత్తగారి పుండు ముట్టుకుంటే మంట పుడుతుందని కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగి, మళ్లీ నూనె రాసి, ఘాటు పోయిందో లేదో ముందు తన కంటి దగ్గర పెట్టి చూసుకుంటుంది. ఆ తర్వాతే మంచం దగ్గరికి వెళ్తుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలని, మడమలు పరుపుకి ఒత్తుకోకుండా పిక్కల కింద దిండు పెట్టాలని ఆమెకు చెప్పింది మా నర్సు. అంతకుముందు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇంత ప్రేమ ఉన్న ఇంట్లో కూడా పుండు ఎముకదాకా వెళ్లింది, చెప్పేవాళ్లు లేక.

ఇక నొప్పి. క్యాన్సర్ చివరి దశలో వచ్చే నొప్పికి పారాసెటమాల్ చాలదు, మార్ఫిన్ మాత్రలు కావాలి. ఖరీదైన మందు కాదు, దొరకడమే కష్టం. ఒకప్పుడు దానికి నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేది. 2014లో పార్లమెంటు మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి ఆ అడ్డంకి తీసేసింది. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఇచ్చిన వైద్య సంస్థ మార్ఫిన్ ఉంచుకోవచ్చు. శిక్షణ పొందిన డాక్టరు, సరైన రిజిస్టరు ఉంటే చాలు. చట్టం దారి తెరిచి ఇన్నేళ్లయినా మా పేషెంట్ల బంధువులు మాత్రల కోసం ఊరూరా తిరుగుతూనే ఉన్నారు. రాత్రంతా అరిచే మనిషి పక్కన కూర్చుని ప్రార్థన చేయడం మాకు వచ్చు. కానీ మందు ఉండి కూడా అందకపోతే ఆ అరుపులు వినడం భరించలేం సార్. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

కేరళలో మంచాన పడ్డవాళ్లకు ఇంటి దగ్గర సేవ ఎలా జరుగుతోందో మీ అధికారులకు తెలుసు. 1993లో కోళిక్కోడ్‌లో కొందరు డాక్టర్లు, స్థానికులు కలిసి చిన్నగా మొదలుపెట్టారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. పంచాయతీ, మున్సిపాలిటీ నర్సులు ఇళ్లకు వెళ్తారు, వాలంటీర్లు తోడు వెళ్తారు. మనకూ 2012 నుంచి నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే కేంద్రం ఉపశమన వైద్య కార్యక్రమం కాగితం మీద ఉంది. మన దగ్గర ఇప్పటికే ఉన్న బలం ఒకటుంది, ఒకటో తారీఖున ఇంటికి వెళ్లే ఉద్యోగి.

మతం పేరుతో నడిచే సంస్థ కదా, సేవ చాటున మతం మారుస్తారేమో అని కొందరు అనుమానిస్తారు. అనుమానం రావడం సహజమే, అడగండి. ఇంటివాళ్లు కోరితే తప్ప ప్రార్థన చేయకూడదని మా నియమావళిలో రాసుకున్నాం. మా నర్సుల్లో హిందువులు, ముస్లింలు ఉన్నారు. మాతో పనిచేసే ఏ సంస్థకైనా ఈ షరతును రాతపూర్వకంగా పెట్టండి. ఎవరైనా తప్పితే ఒప్పందం రద్దు చేయండి. చెప్పకుండా తనిఖీకి రండి, ఖాతాలు చూడండి, ఇళ్లవాళ్లనే అడగండి.

ఈ మధ్య ఏ ఆఫీసుకి వెళ్లినా ‘మీరున్నారుగా’ అంటున్నారు. ఆ మాట వింటే సంతోషం కన్నా భయమే ఎక్కువ వేస్తుంది. మా నర్సుకి ఇంకోచోట మంచి జీతం వస్తే వెళ్లిపోతుంది, వెళ్లాలి కూడా. మిర్చి ధర పడిపోయిన ఏడు కానుకలు తగ్గుతాయి. దాతల మనసు మీద నడిచేది ప్రభుత్వ బాధ్యతకు బదులు కాలేదు.

అందుకే అడుగుతున్నాను. పింఛను ఇచ్చే రోజున మంచాన పడ్డవాళ్ల ఇంట్లో రెండు ప్రశ్నలు అడిగించండి: ఒంటి మీద పుండు ఉందా, నొప్పితో నిద్ర చెడుతోందా? జవాబు అవును అయితే ఆ వారంలోనే ఆ సచివాలయం ఏఎన్‌ఎం ఇంటికి వెళ్లాలి. ఆ కుటుంబం ఒప్పుకుంటేనే, దగ్గర్లో పనిచేసే సేవా సంస్థకు ఆమె ఫోన్ చేయాలి. జాబితాలు మా చేతికి వద్దు, అవి ప్రభుత్వం దగ్గరే ఉండాలి. ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు పుండు కడగడం, పక్క మార్చడం నేర్పించే శిక్షణ పెట్టండి, మా నర్సులనూ అందులో కూర్చోబెట్టండి. జిల్లాకు కనీసం ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మార్ఫిన్ మాత్రలు ఎప్పుడూ ఉండేలా ఆదేశం ఇవ్వండి, అవి ఎక్కడ దొరుకుతాయో ప్రతి సచివాలయం గోడ మీద రాయించండి.

ముందు గుంటూరు నగరంలో కొన్ని సచివాలయాల్లో చేసి చూడండి. ఏయే వార్డులకు మా ఆటో, నర్సులు వెళ్లగలరో జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారికి రాసివ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. పిలిస్తే మిగతా సంఘాలవాళ్లనూ, గుడి, మసీదు మిత్రులనూ వెంటబెట్టుకుని వస్తాం.

ఇట్లు,
మంచాన పడ్డవారి ఇళ్లకు వెళ్లే ఒక చర్చి సేవా బృందం సభ్యురాలు,
గుంటూరు