చిన్నీకి, నాన్న రాసేది

చిన్నీ,

ఇక్కడంతా బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాళ్లకు కొత్త నూనె రాస్తోంది, నొప్పి కాస్త తగ్గిందంటోంది. పైపోర్షన్‌లో ఎవరో అద్దెకు దిగారు, మర్యాదస్తులే. అన్నట్టు, నువ్వు ఉద్యోగం మానేశావని సుధ పిన్నితో ఎవరో అన్నారట. నేనేం అడగడం లేదు.

బీఈడీ పిల్లలకు ఈ వారం మానవతావాద మనోవిజ్ఞానం చెబుతున్నాను, అంటే ప్రతి మనిషిలోనూ ఎదిగే శక్తి ఉందని నమ్మే శాఖ. అమెరికా మనోవిజ్ఞాని మాస్లో 1943లో చెప్పిన అవసరాల వరుస నీకు తెలిసిందే. తిండి, నిద్ర, భద్రత, నా వాళ్లున్నారన్న ధీమా, గౌరవం, ఆపైన తనలో ఉన్నదంతా వికసించడం. తిండీ నిద్రా అన్నిటికన్నా కింద, పునాదిలా ఉన్నాయి, చూశావా? రాత్రి రెండింటికి కూడా వాట్సాప్‌లో కనిపిస్తున్నావని అన్నయ్య చెప్పాడు. పడుకోమ్మా.

అదే శాఖకు చెందిన ఇంకో మనోవిజ్ఞాని కార్ల్ రోజర్స్ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. అమెరికాలోని రాచెస్టర్‌లో పిల్లల సమస్యలు చూసే రోజుల్లో ఆయన దగ్గరికి ఒకావిడ వచ్చేది. కొడుకు ఎవరి మాటా వినడు. చిన్నప్పుడు నువ్వు వాణ్ని దగ్గరికి తీయకపోవడం వల్లే ఇదంతా అని రోజర్స్ ఓపిగ్గా నచ్చజెప్పేవాడు. ఆవిడ చెప్పిన మాటల్లోంచే రుజువులు ఏరి చూపించేవాడు. ఏం లాభం లేకపోయింది. ఇక చాలిద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆవిడ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, 'ఇక్కడ పెద్దవాళ్లకు కౌన్సెలింగ్ చేస్తారా?' అని అడిగింది. చేస్తామనగానే వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది. మొగుడితో గొడవలు, తన దిగులు అన్నీ వెళ్లబోసుకుంది. అప్పుడుగానీ అసలు పని మొదలవలేదు. చివరికి ఆవిడా కుదుటపడింది, కొడుకూ దారికొచ్చాడు. ఎక్కడ నొప్పో, ఎటు నడవాలో ఆ మనిషికే తెలుస్తుందని రోజర్స్‌కు అప్పుడు అర్థమైంది. వినేవాళ్లు షరతులు పెట్టకుండా ఆదరించాలి, అవతలివాళ్ల మనసులోంచి చూడాలి, లోపలొకటి పైకొకటి ఉండకూడదు. 1957లో ఆయన రాసిన వ్యాసానికి ఇవే ప్రాణం.

మార్కులొస్తేనే, జీతమొస్తేనే మనల్ని ప్రేమిస్తారని నమ్మిన పిల్లలు తమకేం కావాలో తమకే తెలియకుండా పెరుగుతారని కూడా రోజర్స్ అనేవాడు. మన ఇంట్లో నీకు అలాంటి షరతేదీ లేదు. మానేస్తే మానేశావు. కానీ కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా మామూలుగా ఉద్యోగంతోనే పోతుంది, వేరేది వెంటనే తీసుకో. పీఎఫ్ డబ్బు కదిలించకు. తొందరపడి ఏ ఉద్యోగం పడితే అందులో చేరకు. ఇంటికొచ్చి కొన్నాళ్లు ఉంటానన్నా సరే, ముందు గది ఖాళీగానే ఉంది.

రాజమ్మత్త మనవడు ఆదివారం బెంగళూరు వస్తున్నాడు, వాడి చేత ఆవకాయ పంపుతున్నాం. పెద్ద సీసా నీది, చిన్నది మీ ఓనరమ్మగారికి. తడి చెంచా పెట్టకు. వాడికి భోజనం పెట్టి పంపు. శనివారం అమ్మ ఫోన్ చేస్తుంది, తప్పకుండా ఎత్తు.

నాన్న