తాగే మందు ఊళ్లోనే, మాన్పించే మందు నెల్లూరులో

సంపాదకులు గారికి నమస్కారం.

మా తమ్ముడు లారీ డ్రైవరు. వాడి చేత తాగుడు మాన్పించాలని పోయిన ఏడాది మేం పడ్డ పాట్లు రాస్తున్నా. పేరు మాత్రం వేయకండి, రేపు వాడికి ఎవరో ఒకరు పిల్లనివ్వాలి గదా.

మొదట అందరిలాగే నాటు మందు. 1,500 పెట్టి పొడి తెచ్చి వాడికి తెలియకుండా పప్పులో కలిపాం. అందులో ఏముందో ఇచ్చినాయన చెప్పలేదు, మేమూ అడగలేదు, ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. తర్వాత నాన్న గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. మర్నాటికే చేతులు వణికి టీ గ్లాసు పట్టుకోలేకపోతే అమ్మ స్పూనుతో తాగించింది. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావొచ్చు, మతి తప్పి ప్రాణం మీదికీ రావొచ్చు, అందుకే డాక్టరు కనిపెట్టుకుని ఉండి మాత్రలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తూ ఆపించాలి అని అప్పటిదాకా మాకు చెప్పినవాళ్లు లేరు.

భయపడి ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్చాం. నెలకు 18 వేలు, మూడు నెలలది ముందే కట్టాలన్నారు. వైద్య సేవ కార్డు చూపిస్తే ఇక్కడ చెల్లదన్నారు. నా కమ్మలు, అమ్మ గొలుసు తాకట్టుకెళ్లాయి. అన్ని రోజుల్లో డాక్టరు వచ్చింది రెండుసార్లేనట. పంపించేటప్పుడు ఒక్క మాత్ర రాసివ్వలేదు. పదకొండో రోజు మళ్లీ తాగొచ్చాడు, తప్పంతా వాడిదేనని నేననలేను.

చివరికి నెల్లూరులో సర్కారు ఆసుపత్రికి పోయాం, మానసిక వైద్యం ఓపీలో చూసి వార్డులో పెట్టుకున్నారు, పైసా అడగలేదు. ముందే తెలిసుంటే కమ్మలు చెవులకే ఉండేవి. కానీ ఇంటికొచ్చాక నెలనెలా చూపించుకోవాలి గదా, ఉదయగిరి నుంచి నెల్లూరు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి నాకు టికెట్ లేదు, పేషెంటుకు ఉంది! వాడికి ఆ రోజు కిరాయి పోతుంది, నాకు కుట్టు మిషను పని పోతుంది. మూడు నెలలు పోయాం, నాలుగో నెల కుదరలేదు. మాత్రలు అయిపోయాయి, మళ్లీ టెన్షన్ మొదలైంది.

క్వార్టర్‌కు మాత్రం బస్సెక్కే పని లేదు. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం తెచ్చి 99 రూపాయలకే సీసా అన్నారు. అప్పుడే డ్రగ్ రీహాబిలిటేషన్ సెస్ అని, అంటే మత్తు మాన్పించడానికని, 2 శాతం పన్ను కూడా వేశారు. అంటే మా తమ్ముడు తాగిన ప్రతి సీసాలో వాడి వైద్యానికని కొంత కట్టినట్టే లెక్క. ఆ డబ్బులో మన జిల్లాకు ఎంతొచ్చింది, ఏ ఆసుపత్రిలో ఖర్చుపెట్టారు? మీ విలేకరులు అధికారుల్ని అడిగి రాయండి.

సారా వద్దని 1992లో దూబగుంట ఆడవాళ్లు లేచినప్పుడు అమ్మ కూడా ప్యాకెట్లు చించి పారబోసింది. 1993లో సారా ఆగింది, 1995లో మొత్తం మద్యమే ఆగింది, 1997లో మళ్లీ తెరిచారు. అప్పుడూ దుకాణం మూయాలా తెరవాలా అనే గోలే గానీ, వణికిపోయేవాణ్ని ఎక్కడికి తీసుకెళ్లాలో ఎవరూ చెప్పలేదంటుంది అమ్మ.

మేం కొత్త భవనం అడగడం లేదు. ఉదయగిరి ప్రభుత్వ ఆసుపత్రికి వారానికొక రోజు మానసిక వైద్యుణ్ని పంపించండి, నెల మాత్రలు ఇక్కడే ఇప్పించండి. ఇంకోటి, మత్తు మానాలనుకునేవాళ్లకు కేంద్రం పెట్టిన 14446 అనే ఉచిత ఫోన్ నంబరుంది, నాకు తెలిసేసరికి 54 వేలు పోయాయి. ప్రతి మద్యం దుకాణం ముందు, ధరల బోర్డు పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో దాన్ని రాయించండి.

ఇట్లు,
ఒక అక్క,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా